కమ్మరులు గెలిచిన గాలిపందెం

శ్రోతలకు నమస్కారం.

గాలి నుంచి కరెంటు తీసే విద్యలో నలభై యాభై ఏళ్ల కిందట ఒక విచిత్రం జరిగింది. గొప్ప ఇంజనీర్లూ బోలెడంత డబ్బూ ఉన్న దేశాలు చతికిలబడ్డాయి. కమ్మరులు, వడ్రంగులు, బడిపంతుళ్లు గెలిచారు. ఈ పూట ఆ ముచ్చట చెప్పుకుందాం.

1970లలో చమురు ధరలు మండిపోయాక అందరి చూపూ గాలి మీద పడింది. జర్మనీ ఏకంగా 3 మెగావాట్ల మహాకాయాన్ని నిలబెట్టింది. పేరు గ్రోవియాన్. రెండు రెక్కలు, వంద మీటర్ల ఎత్తు స్తంభం. 1983లో మొదలైన ఆ యంత్రం 1987లో ఆపేసేనాటికి మొత్తం కలిపి తిరిగింది ఏ నాలుగైదు వందల గంటలో! అమెరికాలో నాసా చేయించిన భారీ గాలిమరలు కూడా ప్రయోగాల దగ్గరే ఆగిపోయాయి.

డెన్మార్క్‌లో సంగతి వేరు. 1891లోనే అస్కోవ్ అనే పల్లెలో పౌల్ లా కూర్ అనే పంతులు గాలిమరతో కరెంటు తీశాడు. దాంతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌తో బడిలో దీపాలు వెలిగించాడు. అప్పుడప్పుడు ఆ వాయువు పేలి కిటికీ అద్దాలు పగిలేవట. అయినా మానలేదు, మహానుభావుడు! ఆయన దగ్గర 1904లో పని నేర్చుకున్న కుర్రాడు యోహానెస్ యూల్. అదే యూల్ డెబ్బయ్యో పడికి చేరువలో, 1957లో, గెడ్సర్ తీరాన 200 కిలోవాట్ల మర నిలబెట్టాడు.

దాని అసలు కిటుకు రెక్కల కొసల్లో ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే తుఫానులో మరను ఆపడమే గండం. సరిగ్గా అప్పుడే కరెంటు లైను తెగిపోయిందనుకోండి, జనరేటర్ మీద భారం పోయి రెక్కలు పిచ్చెత్తినట్టు తిరిగి ముక్కలైపోతాయి. యూల్ రెక్క చివరి భాగాన్ని విడిగా కదిలేలా పెట్టాడు. వేగం హద్దు దాటగానే ఆ కొస అడ్డం తిరిగి గాలిని నిలదీస్తుంది, మర నెమ్మదిస్తుంది. పెద్ద మరమ్మతులేమీ లేకుండా అది 1967 దాకా నడిచింది. పదేళ్ల తర్వాత నాసా వాళ్లే కొలతల కోసం దాన్ని మళ్లీ తిప్పించారు!

ఆ దారిలోనే రీసేగర్ అనే వడ్రంగి తన పెరట్లో 22 కిలోవాట్ల మర చేసి గ్రిడ్‌కు కలిపాడు. ట్విండ్ అనే చోట ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి 1978 నాటికి 2 మెగావాట్ల మరను సొంతంగా కట్టేశారు. హెన్రిక్ స్టీస్‌డాల్ అనే కుర్రాడు ఒక కమ్మరితో కలిసి చేసిన నమూనాను వెస్టాస్ తీసుకుంది. ఆ వెస్టాస్ కూడా ఒక కమ్మరి కొలిమి నుంచి ఎదిగిన సంస్థే.

వీళ్లందరినీ కలిపింది మాత్రం ఒక పత్రిక. డెన్మార్క్ గాలిమరల యజమానులు 1978లో సంఘం పెట్టుకున్నారు. ఎవరి మర ఈ నెల ఎన్ని యూనిట్లు ఇచ్చింది, ఎవరిది ఎక్కడ విరిగింది, అన్నీ నెలనెలా అచ్చయ్యేవి. నాసిరకం మర అమ్మినవాడు తప్పించుకునే దారే లేదు. ప్రభుత్వం 1979 నుంచి కొనేవాళ్లకు 30 శాతం సాయం ఇచ్చింది. రిసో పరీక్షా కేంద్రం ఆమోదించిన మరకే ఆ డబ్బు. నా లెక్కలో ఏ కొత్త రెక్క కన్నా ఈ పత్రికే పెద్ద ఆవిష్కరణ.

మన అనంతపురం, కర్నూలు గుట్టల మీద కనిపించే మరలు చూడండి. మూడు రెక్కలు, గాలికి ఎదురుముఖం. అది డెన్మార్క్‌లో స్థిరపడిన పోకడే. మరను ఆపడానికి ఇప్పుడు యూల్ మరలోలా కొస మాత్రమే కాదు, రెక్క మొత్తం మొదలు నుంచి తిరుగుతుంది. సముద్రంలో పెట్టే 15 మెగావాట్ల మరకు ఒక్కో రెక్క పొడవు 115 మీటర్లు దాటింది.

ఇంత ఎదిగాక ఒక తిరకాసు వచ్చింది. ఫైబర్‌గ్లాసు రెక్కలు ఇనుములా కరగవు, పాతబడితే ఏం చేయాలో తేలిక మార్గం లేదు. మన అనంతపురం వైపు రామగిరిలో 1990లలోనే మరలు వెలిశాయి. పాత మరల స్థానంలో కొత్తవి పెట్టేందుకు కేంద్రం 2023లో ఒక విధానం ప్రకటించింది. దించిన రెక్కలు ఎక్కడికి పోతున్నాయో, ఏ మర ఎందుకు మూలపడిందో నెలనెలా అచ్చువేసే పత్రిక మాత్రం మనకింకా రాలేదు. సెలవు.