ఖాళీ కుర్చీ పక్కన: చార్లెస్ మింగస్ నివాళి ఆల్బమ్‌లు

అందరికీ నమస్కారం.

గాయకుడికి నివాళి ఆల్బమ్ చేయడం కొంత తేలిక. ఆయన పాటలు ఇంకొకరు పాడతారు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, వయొలిన్ ఆకారపు పెద్ద తీగ వాద్యం) విద్వాంసుడికి చేయాలంటే మొదటి రోజే చిక్కు: బేస్ ఎవరు వాయించాలి? ఆయనలాగే వాయిస్తే అనుకరణ అంటారు. తనలా వాయిస్తే, మరి ఇందులో ఆయనెక్కడ అంటారు. అమెరికన్ జాజ్ బేసిస్టు, స్వరకర్త చార్లెస్ మింగస్ విషయంలో ఈ ముడిని ఇద్దరు చెరో రకంగా విప్పారు.

మొదటిది గాయని జోనీ మిచెల్ 1979లో తెచ్చిన ‘మింగస్’. పని మొదలైనప్పటికి మింగస్ ఉన్నారు. కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. చేతులు పనిచేయక, ట్యూన్లు టేప్ రికార్డర్‌లోకి పాడేవారు. ఆ ఏడాది జనవరి 5న మెక్సికోలోని క్వెర్నవాకాలో పోయారు. భార్య సూ ఆయన అస్థికలు తెచ్చి గంగలో కలిపారు. రికార్డు జూన్‌లో వచ్చింది. అందులోని ఆరు పాటల్లో నాలుగింటి ట్యూన్లు మింగస్‌వి. పాటల నడుమ ఆయన ఇంటి కబుర్ల టేపులు వినిపిస్తాయి.

ఇక బేస్. ఎడ్డీ గోమెజ్ లాంటి డబుల్ బేస్ దిట్టతోనూ ముందు రికార్డు చేసి చూశారు. చివరికి ఉంచింది జాకో పాస్టోరియస్ వాయించిన ఫ్రెట్‌లెస్, అంటే మెట్లు లేని, ఎలక్ట్రిక్ బేస్‌ని. మింగస్‌కి కరెంటు వాద్యాలంటే పెద్దగా పడేది కాదు కాబట్టి, ఇదేం నివాళి అని గునిసినవాళ్లున్నారు. కొంచెం లోపలికి చూద్దాం. రెండింటికీ తీగల శ్రుతి ఒక్కటే: ఇ 41, ఎ 55, డి 73, జి 98 హెర్ట్జ్. డబుల్ బేస్ తీగలో మోగే పొడవు సుమారు 105 సెంటీమీటర్లు, జాకో బేస్‌లో 86. జాకో బేస్‌కి మెట్లు తీసేసి, గాడులు పూడ్చి, పైన గట్టి పూత ఎపాక్సీ పూసి ఉంటుంది. అందుకే స్వరం నుంచి స్వరానికి జారు వస్తుంది. డబుల్ బేస్ బోలు పెట్టె తీగ శక్తిని త్వరగా గాలిలోకి వదిలేస్తుంది, మీటిన స్వరం కాసేపటికే ఆరిపోతుంది. ఘనమైన చెక్కలో అది నిలబడుతుంది. అలా నిలబడ్డ స్వరంతో జాకో తాళం కాపు కాయడం మాని, జోనీ గొంతుతో జంటగా పాడుతున్నట్టు వాయించాడు. మింగస్ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు, పక్కన ఇంకో కుర్చీ వేశారు. నా లెక్కలో ఇదే సరైన నిర్ణయం.

ఆ ఆల్బమ్‌లో చివరిది ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’. అసలది కూడా నివాళే. 1959 మార్చిలో శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ పోతే, మే నెలకల్లా మింగస్ దీన్ని రికార్డు చేశారు. పన్నెండు బార్ల (ఆవర్తనాల) బ్లూస్, ఆఫ్రికన్ అమెరికన్ల పాట బాణీ. మామూలు బ్లూస్ మూడు కార్డులతో, అంటే కలిపి మోగించే మూడు స్వరాల గుంపులతో, గడిచిపోతుంది. ఇందులో చాలా బార్లలో రెండేసి కార్డులు మారతాయి. పైన మెలడీ మాత్రం చాలావరకు అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది: స గ మ ప ని, సాధారణ గాంధారం, కైశికి నిషాదం. మనవాళ్లకి శుద్ధ ధన్యాసి స్వరాలన్నమాట. రాగం అని మాత్రం అనకండి, ఆ నడక వేరు. తంబురా మీద పంచమం ఎప్పుడూ పంచమమే. ఇక్కడ కింద బేస్ మారిన ప్రతిసారీ పైనున్న అదే స్వరం ఒకసారి కుదురుగా, ఇంకోసారి గుచ్చుకుంటున్నట్టు వినిపిస్తుంది.

దీన్ని వాయించేవాళ్లు పాడుచేసేది సరిగ్గా ఇక్కడే. కష్టమని కార్డులన్నీ కుదించి మామూలు మైనర్ బ్లూస్ చేస్తారు. ట్యూన్ మిగులుతుంది, గుచ్చుకోవడం పోతుంది. లేదా సోలోలో కార్డు మారినప్పుడల్లా దాని స్వరాలన్నీ అప్పజెబుతారు, అది సాధకంలా ఉంటుంది. బేసిస్టు చేసే తప్పు ఇంకొకటి: నడక నెమ్మది కదా అని ఖాళీలు నింపుతాడు.

రెండో దారి రికార్డు నిర్మాత హాల్ విల్‌నర్‌ది, 1992లో వచ్చిన ‘వియర్డ్ నైట్‌మేర్’. ఆయన హ్యారీ పార్చ్ అనే స్వరకర్త తయారుచేసిన వాద్యాలు తెచ్చి, చుట్టూ ధ్వనినే మార్చాడు. పార్చ్ స్థాయిని 43 స్వరాలుగా విడగొట్టినవాడు. పెద్ద గాజు జాడీలను కోసి వేలాడదీసిన గిన్నెలు ఒక వాద్యం. ‘మరింబా ఎరోయికా’లో అన్నిటికన్నా పెద్ద దిమ్మ 22 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, డబుల్ బేస్ అడుగు తీగకి దాదాపు ఒక స్థాయి కింద. గాజు గిన్నెకి బిరడా ఉండదు, శ్రుతి సరిచేయలేం. అది 444 దగ్గర, గిటార్ 440 దగ్గర మోగితే సెకనుకి నాలుగుసార్లు శబ్దం ఊగుతుంది. ఆల్బమ్‌లో ఆ మసకే అందం. కీత్ రిచర్డ్స్, ఎల్విస్ కాస్టెలో, చక్ డి అంటూ అతిథులు మాత్రం పెళ్లిపందిరంత మంది.

మీలో ఎవరైనా ఇలాంటి రికార్డింగ్‌కి దిగితే ఒక మాట. డబుల్ బేస్‌కి బ్రిడ్జి (తీగల్ని ఎత్తిపట్టే చెక్క) దగ్గర ఒక మైకు, మీటరు దూరాన ఇంకొకటి పెట్టి రెండూ సమానంగా కలిపితే 170 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం సన్నబడుతుంది. ఆ మీటరు దాటడానికి శబ్దానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ స్వరానికి అది సగం అల, ఒకటి పైకి పోతుంటే ఇంకొకటి కిందికి. ఈక్వలైజర్‌తో పెంచి లాభం లేదు. దూరం మైకు జరపండి, లేదా దాని మోత తగ్గించండి. ఎఫ్ ఆకారపు రంధ్రానికి మరీ ఎదురుగా పెడితే అడుగు స్వరాలు గుంయ్‌మంటాయి. బ్రిడ్జి పికప్ (తీగల కంపనాన్ని పట్టే చిన్న పరికరం) ఒక్కదాన్నే నమ్ముకుంటే ముక్కుతో పలికినట్టుంటుంది.

ఇప్పుడు ‘పోర్క్ పై హ్యాట్’ రెండు రికార్డింగులూ వరసగా వేస్తున్నాం, ముందు 1959ది. ఫోన్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ రాదు కాబట్టే ఇంత పెద్ద స్పీకర్లు తెప్పించాం. మొదటి పన్నెండు బార్లూ శాక్సఫోన్‌ని వదిలేసి, కింద నడిచే బేస్‌నే వినండి.