పిసరంత అడ్వాన్స్

అధ్యక్షుల వారికి, ఆటోనగర్ సోదరులకు నమస్కారం. ఆయుధపూజ రోజున నాకు శాలువా కప్పుతామన్నారు, సంతోషం. కానీ నేను వచ్చింది ఈ సంచిలో ఉన్నదాని కోసం. ముందు దాని కథ వినండి.

1986 మే నెల. గుడివాడ నుంచి ఒక పెద్దాయన అంబాసిడర్ తెచ్చారు. "అబ్బాయ్, పికప్ లేదు, చూడు" అన్నారు. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్లాంపు బోల్టు వదులు చేసి, పిసరంత అడ్వాన్స్ వైపు, అంటే స్పార్క్ ఇంకాస్త ముందే పడేలా తిప్పాను. బండి లంఘించింది. ఆయన అయిదు రూపాయలు ఎక్కువే ఇచ్చారు.

పెట్రోలు ఇంజిన్‌లో ఒక్కసారిగా పేలదు, పేలకూడదు. ప్లగ్ దగ్గర అంటుకున్న మంట అంచుల దాకా పాకాలి, దానికి టైము కావాలి. 3000 ఆర్‌పీఎం మీద ఒక్క మిల్లీసెకనులో పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇస్తాం. అసలు బలం మాత్రం పిస్టన్ కిందికి మళ్లాక, సుమారు 15 డిగ్రీల దగ్గర పడాలి. సైకిల్ తొక్కే పిల్లవాడు కూడా పెడల్ పైనుంచి దాటాకే బరువు వేస్తాడు కదా.

నేను తిప్పిన పిసరుతో మంట మరీ ముందే మొదలైంది. కింది నుంచి పిస్టన్, పక్క నుంచి మంట. ఆ రెండింటి మధ్య మూలన మిగిలిన మిశ్రమం నలిగి, కాగి, మంట చేరకముందే తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ చప్పుడే నాకింగ్. బెజవాడ మే ఎండలో లోపలికి పోయే గాలే సెగ, ఇక చెప్పాలా!

పది రోజులకు ఆయన మళ్లీ వచ్చారు. దుర్గమ్మ కొండ ఘాట్ ఎక్కుతుంటే టకటకమంటోంది అన్నారు. "టాపెట్లు లెండి" అన్నాను. టాపెట్ అంటే వాల్వును నెట్టే ముక్క. దాని చప్పుడు ఇంజిన్ ఆడుతుంటే చాలు, బండి నిలబెట్టినా వస్తుంది. నాకింగ్ లోడ్ మీద, యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది. తమ్ముళ్లూ, ఇది రాసుకోండి. నాకు ఆ తేడా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

దసరా లోపు ఇంజిన్ విప్పాల్సి వచ్చింది. పిస్టన్ చూడగానే నాకు అర్థమైంది. "కల్తీ పెట్రోలండీ" అన్నాను. ఆయన నేరుగా బంకుకు వెళ్లి అక్కడి కుర్రాడి మీద చెయ్యి చేసుకోబోయారట. పిస్టన్ల డబ్బు కూడా ఆయన దగ్గరే తీసుకున్నాను. నిజం చెబుదామనుకునే లోపే ఆయన పోయారు.

ఇప్పటి కార్లలో చాలావాటికి నాక్ సెన్సర్ ఉంది, కంప్యూటరే స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. చాలా బైకులకు అది లేదు. అయినా పికప్ కావాలని పిల్లలు మీ దగ్గరికే వస్తారు. భయపడి మరీ రిటార్డ్, అంటే స్పార్క్ మరీ ఆలస్యంగా పడేలా పెట్టకండి, అదీ తప్పే. చప్పుడు రాదు కానీ వేడంతా సైలెన్సర్ పాలై మైలేజీ పడిపోతుంది.

ఇదిగో, ఆ పిస్టన్. అంచు చెదలు తిన్నట్టు ఉంది, రింగుల మధ్య గట్టు విరిగింది, చూశారా? బాబూ, ముందు నువ్వు పట్టుకో. వేలితో తడిమి పక్కవాడికివ్వు.