పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళకు రాత్రిపూట మెత్తటి పులగం

నమస్కారం అండీ. ఇంట్లో పెద్దవాళ్ళకు రాత్రి చాలామంది పెట్టేది చారన్నమో, మజ్జిగన్నమో. కడుపు నిండుతుంది కానీ ప్రోటీన్ చాలా తక్కువ. 50 కిలోల పెద్దవయసు మనిషికి రోజుకు కనీసం 50 గ్రాములు కావాలి. అది అందక కండ కరిగితే కుర్చీలోంచి లేవడమే కష్టం. పైగా పల్చటి చారులో మెతుకులు విడివిడిగా ఉంటే నీళ్ళు ముందు జారిపోతాయి, మెతుకు వెనకబడుతుంది. పొలమారేది అప్పుడే.

అందుకే పులగం. ఒక్కరికి బియ్యం 30 గ్రాములు, పెసరపప్పు 30 గ్రాములు. మామూలుగా పప్పు తగ్గించి వేస్తారు, ఇక్కడ సమానం. పప్పును సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే చాలు, ఎర్రబడితే మెత్తగా ఉడకదు. రెండూ కడిగి అరగంట నానబెట్టండి. చెక్కూ గింజలూ తీసిన సొరకాయ తురుము గుప్పెడు, చిటికెడు పసుపు, ఐదింతల నీళ్ళు. గిన్నెలో పోసి కుక్కర్లో పెట్టి ఐదారు విజిల్స్ రానివ్వండి.

మూత తీశాక పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు, బంకలా సాగుతుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కుతకుతలాడుతుండగా గిలక్కొట్టిన గుడ్డు సన్నగా పోస్తూ కలపండి. గుడ్డు పూర్తిగా ఉడకాలి. దీంతో ఈ ఒక్క పూటకే 15 గ్రాముల దాకా ప్రోటీన్. గుడ్డు తినకపోతే పక్కన కప్పు గట్టి పెరుగు పెట్టండి.

పోపులో ఆవాలు, కరివేపాకు, మిరియపు గింజలు వేయకండి. కట్టుడు పళ్ళ కింద ఇరుక్కుంటాయి. చెంచా నెయ్యి, జీలకర్ర పొడి, మిరియాల పొడి చాలు. చప్పగా ఉందని గొణిగితే, గొణుగుతారు లెండి, ఉప్పు కాదు, నిమ్మరసం పిండండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, ఊరగాయలోదీ అందులో లెక్కే.

ఇప్పుడు గరిటె వంచి చూడండి. నీళ్ళలా కారకూడదు, అంటుకుపోకూడదు, ముద్దగా మెల్లగా జారాలి. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి వడ్డించే ముందు వేడినీళ్ళు పోసి మళ్ళీ మెదపండి.

ఏడు, ఏడున్నరకల్లా పెట్టేయండి. మంచం మీద దిండుకు ఆనుకుని కాదు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వద్దు. భోజనానికి ముందు వేసుకునే షుగరు మాత్ర ఉంటే వంట పూర్తయ్యాకే ఇవ్వండి. మాత్ర వేసేసి తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు పప్పు, గుడ్డు ఎంత పెట్టాలో డాక్టరునే అడగాలి. ఇంత మెత్తగా పెట్టినా ముద్దముద్దకూ దగ్గుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా వంట మార్చి లాభం లేదు. మింగడంలో ఇబ్బంది ఉందేమో డాక్టరుకు చూపించండి.