థాయ్ పల్లీ సాస్ మన చట్నీకి చుట్టం కాదు, గుత్తి వంకాయకి చుట్టం

(స్టవ్ ముందు. పక్కన గిన్నెల్లో సరుకులు.)

"అక్కా, థాయ్ పీనట్ సాస్ అంటే మన పల్లీ చట్నీలో కొబ్బరి పాలు పోయడమే కదా?"

కాదండీ. కానే కాదు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినా నా జవాబు మారదు.

ఇంకో గుంపు ఉంది. వాళ్లది ఇంకా ఘోరం. పీనట్ బటర్ రెండు స్పూన్లు, సోయా సాస్ ఒకటి, కాస్త తేనె, కాస్త శ్రీరాచా అనే మిర్చి సాస్, పైన ఒక నిమ్మ చెక్క పిండి, వేడినీళ్లు పోసి గిలక్కొట్టేసి "థాయ్ సాస్ రెడీ" అంటారు. స్టవ్ కూడా వెలిగించరు! తినడానికి బానే ఉంటుంది, కాదనను. కీరా ముక్కలు ముంచుకుని హాయిగా తినండి. దానికి థాయ్ అని పేరు మాత్రం పెట్టకండి. పనిలో పని, పాడ్ థాయ్‌లో కూడా పల్లీ సాస్ ఉండదు. వేయించి దంచిన పల్లీలు పైన చల్లుతారు, అంతే. ఆ నూడుల్స్ పులుపు చింతపండుది.

మరి థాయ్‌లాండ్‌లో ఈ సాస్ ఎక్కడ దొరుకుతుంది? సతే బండి దగ్గర. దాన్ని వాళ్లు నామ్ జిమ్ సతే అంటారు. సతే అంటే సన్నగా కోసిన మాంసం, ఎక్కువగా పంది, కొన్నిచోట్ల కోడి. పసుపు, నిమ్మగడ్డి, కొబ్బరి పాలు పట్టించి వెదురు పుల్లలకి గుచ్చుతారు. సన్నగా పొడుగ్గా ఉండే బొగ్గుల పొయ్యి మీద కాలుస్తూ మధ్యమధ్యలో కొబ్బరి పాలు పూస్తుంటారు. పక్కన కాల్చిన బ్రెడ్డు ముక్కలు, కీరా-ఉల్లిపాయ పులుపు నీళ్లు, ఈ సాస్. పార్సిల్ అడిగితే సాస్‌ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి పట్టించి, రబ్బరు బ్యాండ్ బిగించి ఇస్తారు. ఆ కవర్‌ని కాసేపు కదపకుండా ఉంచితే పైన ఒక పొర తేలుతుంది. నారింజ-ఎరుపు రంగులో, అద్దంలా నిగనిగలాడే నూనె.

ఈ వీడియో మొత్తం ఆ నూనె గురించే.

(కెమెరా దగ్గరికి)

ఇప్పుడు గుత్తి వంకాయ కూర గుర్తు తెచ్చుకోండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి, చింతపండు, బెల్లం. ఇందులో నువ్వులు, వంకాయ తీసేసి నిమ్మగడ్డి పెడితే దాదాపు నామ్ జిమ్ సతే సరుకుల పట్టీయే. చట్నీతో పోలిక పల్లీ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే చట్నీ అంటే రుబ్బడం, పైన తాలింపు. గుత్తి వంకాయలో అసలు పనంతా మసాలా వేగడమే. అమ్మ ఏమంటుంది? "నూనె తేలేదాకా కదపకు, మూత పెట్టు." నూనె తేలని గుత్తి వంకాయ పచ్చి వాసన కొడుతుంది. ఇదీ అంతే.

తేడా ఒక్కటే. గుత్తి వంకాయకి నూనె మనం సీసాలోంచి పోస్తాం. థాయ్ వంటలో నూనె కొబ్బరి పాలల్లోనే దాక్కుని ఉంటుంది. దాన్ని మనం బయటికి రప్పించాలి.

ఎలా వస్తుందో చెప్తాను, నాకు భలే ఇష్టమైన భాగం ఇది. కొబ్బరి పాలంటే నీళ్లలో తేలుతున్న సన్నని కొవ్వు బొట్లు. ఒక్కో బొట్టు చుట్టూ కొబ్బరిలోని ప్రొటీన్ ఒక పొరలా ఉండి, బొట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. అందుకే పాలు తెల్లగా, ఒకేలా కనిపిస్తాయి. చిక్కటి పాలని కడాయిలో మరగనిస్తే రెండు పనులు జరుగుతాయి. నీళ్లు ఆవిరవుతాయి, వేడికి ఆ ప్రొటీన్ పొర చెదిరిపోతుంది. ఇక బొట్లు కలిసి నూనె అవుతాయి. థాయ్ వాళ్లు దీన్ని "తేక్ మన్" అంటారు. మన వంటింట్లో పాలు విరిగితే టెన్షన్, ఇక్కడ విరగకపోతే టెన్షన్.

(కడాయిలో ఒక కప్పు చిక్కటి కొబ్బరి పాలు. మంట మధ్యస్థం.)

చూడండి, మొదట పెద్ద పెద్ద తెల్ల బుడగలు. ఇప్పుడు తొందరపడి ఏమీ వేయకండి. చిక్కబడుతోంది... గరిటెతో గీస్తే అడుగు కనిపించి మళ్లీ మూసుకుంటోంది. ఇప్పుడు చెవి పెట్టి వినండి. ఇందాక బుడబుడమని మరిగే చప్పుడు. ఇప్పుడు చిటపట మొదలైంది. అంటే నీళ్లు అయిపోయి వేపుడు మొదలైందన్నమాట. అంచుల దగ్గర చూడండి, తెల్లటి గరుకు మధ్య తేటగా నూనె. వచ్చేసింది.

ఇక్కడే చాలామందికి రాదు. "అక్కా, ఇరవై నిమిషాలు మరిగించినా నూనె తేల్లేదు" అంటారు. తప్పు మీది కాదు, డబ్బాది. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. ఎమల్సిఫయర్, స్టెబిలైజర్ అని ఉంటే, ఆ పాలు విరగకూడదనే అవి కలిపారు. మీరు విరగ్గొట్టాలని చూస్తున్నారు. గెలుపు వాళ్లదే. కొబ్బరి, నీళ్లు మాత్రమే ఉన్నది కొనండి. ఇంకో విషయం, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కోకోనట్ మిల్క్‌లో కనీసం 10 శాతం కొవ్వుంటే చాలు, కోకోనట్ క్రీమ్‌లో 20 ఉండాలి. కాబట్టి క్రీమ్ తీసుకోండి. దొరక్కపోతే ఒక చెంచాడు కొబ్బరి నూనె వేసుకోండి. థాయ్‌లాండ్ ఇళ్లలోనూ ఈ చిట్కా ఉంది, మొహమాటపడక్కర్లేదు.

అసలు కొబ్బరి చెట్టు పెరట్లో ఉన్న కోనసీమ వాళ్లు డబ్బా ఎందుకు కొనాలి చెప్పండి? ముదురు కొబ్బరి కోరి, గోరువెచ్చటి నీళ్లు కొంచెమే పోసి మిక్సీ వేసి పిండండి. మొదటి పాలు విడిగా, మళ్లీ నీళ్లు పోసి పిండిన పల్చటి పాలు విడిగా. మొదటివి విరగ్గొట్టడానికి, రెండోవి చివర్లో సాస్ పల్చన చేయడానికి.

ఇప్పుడు ఈ నూనెలో రెండు పెద్ద స్పూన్ల థాయ్ ఎర్ర కర్రీ పేస్టు.

(పేస్టు వేస్తూ)

రంగు చూశారా ఎలా దిగుతోందో? మిరపకాయ ఎరుపు, కారం, నిమ్మగడ్డి వాసన ఇవన్నీ నీళ్లలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. మరుగుతున్న పాలల్లో పేస్టు కలిపేస్తే అవి సగం ముద్దలోనే ఉండిపోతాయి. అందుకే ఆ స్టవ్ వెలిగించని సాస్ ఎంత తిన్నా చప్పగా, పీనట్ బటర్ రుచే వస్తుంది. గుత్తి వంకాయ మసాలాని వేయించకుండా నీళ్లలో ఉడకబెట్టి ఎవరికైనా పెట్టి చూడండి. పెళ్లివారైతే లేచి వెళ్లిపోతారు.

పేస్టు ఇంట్లో చేసుకోవచ్చు. ఆరేడు బ్యాడిగి మిరపకాయలు గింజలు తీసి నానబెట్టండి. గుంటూరు మిర్చి వద్దు, ఇక్కడ కావాల్సింది రంగు. నిమ్మగడ్డిలో అడుగున తెల్లగా ఉండే భాగం, సాంబారు ఉల్లిపాయలు, వెల్లుల్లి, వేయించిన ధనియాలు, జీలకర్ర, తెల్ల మిరియాలు, ఉప్పు. కొత్తిమీర వేర్లు కూడా వేయాలి. మనం కట్ట విప్పగానే కోసి చెత్తబుట్టలో పడేస్తామే, ఆ వేర్లే వాళ్ల పేస్టుకి ప్రాణం. మట్టి పోయేలా బాగా కడగండి. ఇక గలంగల్. చూడ్డానికి అల్లంలా ఉంటుంది, వాసన వేరు, రుచి వేరు. మూలికల కొట్లో దుంపరాష్ట్రం అని అడిగితే ఎండుది ఇస్తారు. అదైనా అల్లం కంటే నయం.

శాకాహారులు ఒక్క నిమిషం. థాయ్ పేస్టులో మామూలుగా రొయ్యల ముద్ద ఉంటుంది. కొన్న పేస్టు అయితే అట్ట మీద చూసుకోండి. మీరు తినేవాళ్లయి, ఇంట్లో పేస్టు చేసుకుంటే కాసిన్ని ఎండు రొయ్యలు వేయించి పొడి కొట్టి కలపండి.

మూడు నాలుగు నిమిషాలు వేగనిచ్చాం. ఘాటు ముక్కుకి తగిలి తుమ్ము వస్తోందంటే పేస్టు వేగినట్టే. ఇప్పుడు పల్లీలు.

ఇక్కడ గుత్తి వంకాయ కాస్త పక్కకి జరుగుతుంది. అందులో పల్లీ మసాలాతో పాటే మొదట్నుంచీ వేగుతుంది. ఇందులో పల్లీ ఆలస్యంగా రావాలి. ముందే వేస్తే పల్లీ పొడి అంత కష్టపడి తీసిన నూనెంతా పీల్చేసుకుంటుంది, అడుగంటుతుంది, పేస్టుకి వేగే దారే ఉండదు.

ముప్పావు కప్పు పల్లీలు సన్న మంట మీద ఓపిగ్గా వేయించి, చేత్తో నలిపి, చేటలో పొట్టు చెరిగేశాను. మిక్సీలో ఒక్కో పల్స్ ఇచ్చి ఆపాలి. సగం మెత్తగా, సగం రవ్వలా. ఇదిగో, వేళ్ల మధ్య నలిపితే గరుగ్గా తగులుతూనే వేళ్లకి కొంచెం జిడ్డు అంటుతోంది. ఇంకో రెండు తిప్పులు తిప్పితే పీనట్ బటర్ అయిపోతుంది. అయినా ప్రాణం పోదు లెండి. పల్లీ తప్ప ఇంకేమీ కలపని పీనట్ బటర్ వాడినా నాకు అభ్యంతరం లేదు, విదేశాల్లో థాయ్ వాళ్లే వాడతారు. నా గొడవంతా పేస్టు వేయించకపోవడం మీదే.

అసలు పల్లీ వాళ్లదీ కాదు, మనదీ కాదు, దక్షిణ అమెరికాది. సతే పుట్టింది జావాలో. అక్కణ్నుంచి మలయ్ ప్రాంతాల మీదుగా థాయ్‌లాండ్ చేరింది. ఇండోనేషియా వాళ్ల పల్లీ సాస్ వేరే దారి, కెచప్ మానిస్ అని నల్లటి తియ్య సోయా సాస్ పోస్తారు. అది ఇంకో వీడియో.

(పల్లీలు, పల్చటి పాలు అర కప్పు పోసి కలుపుతూ)

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. తీపికి పామ్ షుగర్ మూడు స్పూన్లు. థాయ్‌లాండ్‌లో పెట్చబురి అనే ఊరు తాటి చక్కెరకి ప్రసిద్ధి, అది మన తాటిచెట్టే. కాబట్టి తాటి బెల్లం వేయండి. కానీ మనది నల్లగా, పొగ వాసనతో ఉంటుంది, సగం తాటి బెల్లం, సగం మామూలు బెల్లం మేలు. పులుపుకి చిక్కటి చింతపండు రసం రెండు స్పూన్లు. నిమ్మరసం వద్దు. ఉప్పు అర చెంచా, లేదా చేపల సాస్. సన్న మంట మీద ఐదు నిమిషాలు. నాలుకకి ముందు తీపి, వెంటనే ఉప్పు, వెనకాల పులుపు తగలాలి. కారం చివర్లో కొద్దిగా.

ఆపేయండి. నూనె తేలింది, అంచు చుట్టూ ఎర్రగా. దాన్ని చూసి "అమ్మో, ఫ్యాట్" అని వంపేయకండి దయచేసి, రంగూ రుచీ అందులోనే ఉన్నాయి.

ఆ కీరా నీళ్లని ఆజాత్ అంటారు. వెనిగర్, చక్కెర, ఉప్పు మరిగించి పూర్తిగా చల్లార్చి, కీరా, చిన్న ఉల్లిపాయ, పండుమిర్చి చక్రాల మీద పోయడమే. వేడిగా పోస్తే కీరా మెత్తబడుతుంది.

ఫ్రిజ్‌లో పెడితే సాస్ గట్టిపడుతుంది, కంగారొద్దు. పల్లీ నీళ్లు పీల్చుకుంటుంది, కొబ్బరి కొవ్వు పేరుకుంటుంది. వేడినీళ్లు రెండు స్పూన్లు పోసి సన్న మంట మీద కలపండి. మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.

మిగిలిన సాస్‌తో ఏం చేయాలని అడుగుతారు. బ్యాంకాక్‌లో దీన్ని ఉడికించిన మాంసం, తూటికూర మీద పోసి "ఫ్రా రామ్ లోంగ్ సోంగ్" అని వడ్డిస్తారు. ఫ్రా రామ్ ఎవరో కాదు, రాముడే. రాముడు స్నానానికి దిగాడని దాని పేరు. వాళ్ల రామాయణం రామకియెన్‌లో రాముడు ఆకుపచ్చగా ఉంటాడు, బ్యాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ గుడి గోడల మీద బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఆ ఆకుకూరే రాముడంటారు. మాంసం బదులు వేయించిన టోఫూ పెట్టుకోవచ్చు. తూటికూరని మాత్రం మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, గట్టిగా పిండి మరీ పళ్లెంలో పెట్టండి, లేకపోతే ఆ నీళ్లకి సాసంతా పల్చబడిపోతుంది.