వెన్ను ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆపరేషనా?

సుధ: చెప్పినట్టే, ఈ వారం వెన్ను ఆపరేషన్ తర్వాత వెన్నుపాము అతుక్కుపోతే ఎలా సరిచేస్తారో మాట్లాడుకుందాం. వాసూ, ముందే చెప్తున్నా, పాత ఆపరేషన్ కాగితాలు దాచుకోమనే నీ ఫైలు సంగతి ఎత్తొద్దు.

వాసు: ఇంకా నోరే తెరవలేదక్కా! సరే, దానికంటే ముందు, మళ్లీ ఆపరేషన్ దాకా తెచ్చే ఇంకో సమస్య, డ్యూరా చిరగడం. వెన్నుపాము చుట్టూ ఉండే పొర అది. ఎముక తీసేటప్పుడు చిరిగితే లోపలి నీరు కారుతుంది. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గుతుంది. కుట్ల దగ్గర తేటగా తడి కనిపించినా డాక్టరుకి చెప్పాలి.

సుధ: అది వెన్నునీరేనా అన్నది ఆ నీటిలో ఉండే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పరీక్షలో తేలుతుంది.

వాసు: చిరుగును సన్నదారంతో కుట్టి, పైన కొవ్వు ముక్కో కండ ముక్కో పెట్టి ఫైబ్రిన్ జిగురు వేస్తారు. తర్వాత రెండు మూడు రోజులు కదలకుండా పడుకోబెట్టాలి.

సుధ: అక్కడే ఆగు. కదలకుండా ఎందుకు?

వాసు: కూర్చుంటే నడుము దగ్గర నీటి ఒత్తిడి పెరిగి కుట్టు మీద పడదా?

సుధ: పడుతుంది. కానీ చుక్క కూడా కారనంత గట్టిగా మూశాక? మంచానికే కట్టిపడేస్తే కాళ్లలో రక్తం గడ్డలు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. అంత గట్టిగా మూసినప్పుడు త్వరగా లేపే సర్జన్లు చాలామందే ఉన్నారు.

వాసు: మళ్లీ కారితే థియేటర్‌కి ఎవరెళ్తారు, నువ్వా?

సుధ: కోపమెందుకు? అందరినీ లేపమన్నానా? చిరుగు ముందువైపు ఉండి కుట్టు అందకపోతే నడుములో సన్నగొట్టం పెట్టి నీటిని కొన్నాళ్లు బయటికి మళ్లిస్తారు. అప్పుడు మామూలుగా పడుకోబెడతారు. అందరికీ ఒకే లెక్క వేయకంటున్నా.

వాసు: మరి ఎక్కడ చిరిగిందో, ఎలా మూశారో తెలిసేదెలా? ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. అందుకే కాపీ అడిగి తీసుకుని...

సుధ: వచ్చేసింది!

వాసు: నవ్వు, నవ్వు. రెండోసారి కోసేటప్పటికి లోపల గాయం మానిన మచ్చ ఆ పొరకి అంటుకుపోయి ఉంటుంది. ఎముక ఎంతవరకు తీశారో తెలియకపోతే మళ్లీ చిరగొచ్చు.

సుధ: నవ్వడం లేదులే. కానీ ఒక్కోసారి ఫైలు వెతికే టైమే ఉండదు. ఆపరేషనైన గంటల్లోనే నొప్పి పెరుగుతూ, కాళ్లలో బలం తగ్గి, మూత్రం ఆగి, కూర్చునే చోట మొద్దుబారితే, లోపల రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కుతోందేమో చూడాలి. "ఆపరేషన్ నొప్పే, తగ్గుతుంది" అని ఎవరన్నా ఊరుకోకండి. కుట్లు విప్పి గడ్డ తీయడం ఎంత ఆలస్యమైతే కాళ్లకి అంత నష్టం.

వాసు: ... బలం చకచకా పోతుంటే కొన్నిసార్లు ఎంఆర్ఐ కోసం కూడా ఆగరు.

సుధ: అవును. సరే, అసలు టాపిక్. టైమెంత ఉంది?

వాసు: రెండు నిమిషాలు.

సుధ: అయ్యో. కొందరికి నెలలు, ఏళ్ల తర్వాత వెన్నుపాము మచ్చకి అతుక్కుపోతుంది. లోపల నీటితిత్తి కూడా ఏర్పడొచ్చు. మైక్రోస్కోపు కింద విడదీసి, పొరకి అతుకు వేసి చోటు పెంచుతారు. ఉన్న బలం ఇంకా పోకుండా ఆపడమే ముఖ్యం. పోయిందంతా తిరిగొస్తుందని ఆశపెట్టకూడదు. మళ్లీ అతుక్కోవచ్చు కూడా.

వాసు: ఆ సర్జరీకి వెళ్లేవాళ్లు పాత నోట్సు...

సుధ: వాసూ!

వాసు: ఎంఆర్ఐ సీడీ కూడా.

సుధ: మైకు ఆపెయ్‌రా బాబూ.