పసిబిడ్డకు నూనె మర్దన: చెయ్యి ఎంత బరువుండాలి

అమ్మలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

బిడ్డకు ఒళ్లు రుద్దడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, మానక్కర్లేదు. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున, పది రోజులు మర్దన చేయించి చూసింది. మర్దన లేని పిల్లలకన్నా వాళ్లు రోజూ 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అలాగని పాలేమీ ఎక్కువ తాగలేదు!

కిటుకంతా ఒత్తిడిలో ఉంది. ఈకతో రాసినట్టు నిమిరితే బిడ్డకు చక్కిలిగింత పుట్టి ముడుచుకుపోతుంది. ఓ మోస్తరుగా నొక్కితేనే మెదడు నుంచి కడుపు దాకా వెళ్లే వేగస్ అనే నరం చురుకై కడుపు కదలిక పెరుగుతుంది. వేలి కింద చర్మం కాస్త లోపలికి పోవాలి, చెయ్యి తీశాక ఎర్రటి చార మిగలకూడదు. అదీ కొలత.

పాలు తాగిన ముప్పావుగంటకు మొదలుపెట్టండి. రెండు చెంచాల నూనె చాలు, ముందు మీ అరచేతుల్లో వెచ్చబడనివ్వండి. కాళ్లతో మొదలుపెట్టాలి. బట్ట విప్పగానే రొమ్ము మీద చెయ్యేస్తే ఉలిక్కిపడుతుంది. పొట్టను గడియారం ముల్లు తిరిగే వైపే రుద్దండి, పెద్దపేగు సాగేది అటే. బొడ్డు ఊడి మానేదాకా మాత్రం పొట్ట జోలికి పోవద్దు.

కొబ్బరి నూనె బాగుంటుంది. ఆలివ్ నూనె ఖరీదెక్కువ కాబట్టి గొప్పదనుకుంటారు గానీ, అదీ ఆవనూనే పసి చర్మపు పైపొరను పాడుచేసేవే.

ఇక పెద్దవాళ్లకు కోపం వచ్చే మాటలు. ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయకండి; ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. ఆడైనా మగైనా పసిబిడ్డ చన్నులు ఉబ్బి పాలు కనబడటం తల్లి హార్మోన్ల వల్ల, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పిండితే చీము పట్టొచ్చు. కాళ్లు తిన్నగా సాగాలని లాగితే తుంటి కీలుకు ముప్పు. మాడు ఏడాదిన్నరకు అదే పూడుతుంది, నూనె రాయండి, నొక్కకండి.

జ్వరమున్న రోజు, టీకా వేసిన చోట మర్దన వద్దు. రెండు కిలోల లోపు బిడ్డైతే డాక్టరునడిగాకే. నూనె చేతులతో బిడ్డను ఎత్తకండి, జారిపోతుంది. తువ్వాలు చుట్టి ఎత్తండి.