పెద్ద దినం అయిపోయాక ఆ ఇంట్లో

హోస్ట్: నమస్తే. తెలంగాణ పల్లెలో రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి సోషల్ వర్కర్ మొదట ఎప్పుడు వెళ్లాలి, మేడమ్?

అతిథి: మూడు రోజుల్లోపే వెళ్లండి, పది నిమిషాలు కూర్చోండి. ఆ రోజు ఫారాలు బయటికి తీయొద్దు. మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పి రండి, ఆ రోజున తప్పకుండా వెళ్లండి. పెద్ద దినం వరకు ఇంటి నిండా జనమే. ఆ మర్నాటి నుంచి చనిపోయిన రైతు భార్య, పిల్లలు, అప్పులవాళ్లు మిగులుతారు. మన పని అప్పుడే మొదలు.

హోస్ట్: పెద్ద దినం నాడు గాజులు, బొట్టు తీసే తంతు ఉంటుంది కదండీ?

అతిథి: ఆమెకు ఇష్టమేనా అని ముందే, విడిగా అడగండి. వద్దంటే ఆమె తరఫున మాట్లాడే మేనమామనో, అన్ననో వెతికిపెట్టండి. ఆ రోజు మనమే అడ్డంపడితే, మనం వెళ్లిపోయాక మాటలు పడేది ఆమే.

హోస్ట్: ఆమెతో మాట ఎలా కలపాలి?

అతిథి: "ఎందుకు చేసుకున్నాడు" అని మాత్రం అడగొద్దు. పంచనామాకు పోలీసులు అడిగారు, చుట్టాలు అడిగారు. అడిగినప్పుడల్లా "ఆ పొద్దు నేను ఇంట్లో ఉంటే" అని ఆమె తప్పు తన మీదే వేసుకుంటుంది. "ఆయన గురించి చెప్పమ్మా" అంటే చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి, నీళ్ల గ్లాసు కూడా తొందరపడి అందించొద్దు. అది ఇక ఆపమన్నట్టు ఉంటుంది.

హోస్ట్: చనిపోవాలనిపిస్తోందా అని అడగొచ్చా? కొత్తవాళ్లు చాలా జంకుతారు.

అతిథి: అడిగి తీరాలి, సూటిగా, అత్తగారు పక్కన లేనప్పుడు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రాత్రి తోడు పడుకునేది ఎవరో తేల్చుకున్నాకే కదలండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఆమె పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటారు. అలాంటి ఆలోచన లేదని ఆమె అన్నా సరే, మొదటి రోజే చేయాల్సింది ఒకటుంది. అటక మీదో, కొట్టంలోనో సగం వాడిన పురుగుమందు డబ్బాలు ఉంటాయి. బంధువు చేత తీయించి, వేరే ఇంట్లో తాళం పడేచోట పెట్టించండి.

హోస్ట్: పిల్లలకేం చెప్పాలి?

అతిథి: ఊరెళ్లాడంటే ఎదురుచూస్తారు. నిద్రపోయాడంటే పడుకోవడానికే భయపడతారు. "నాన్న చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేం లేదు" అని అమ్మ నోటితోనే చెప్పించండి. బడిలో ఎవరో ఒకరు చెప్పేలోపే.

హోస్ట్: ఇక కాగితాలు.

అతిథి: మరణ నమోదు 21 రోజుల్లోపు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నకళ్లు ఒకే ఫైల్‌లో పెట్టండి. అవి చేతిలో ఉంటే ప్రతి ఆఫీసులో ఆమె కథంతా మళ్లీ చెప్పక్కర్లేదు. రైతు బీమా 5 లక్షలు, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు, మరణం ఎలా జరిగినా వర్తిస్తుంది. ముందు నామినీ ఎవరో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర చూడండి. అత్తామామల పేరుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. ఆత్మహత్య పరిహారం వేరు. దాన్ని ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీఏ) ఉన్న త్రిసభ్య కమిటీ తేలుస్తుంది.

హోస్ట్: కౌలు రైతైతే?

అతిథి: అక్కడే గుండె తరుక్కుపోతుంది. పట్టాదారు పాస్‌బుక్ లేదు, రైతు బీమా రాదు. కౌలు నోటిమాట. భూమి యజమాని రాసివ్వడానికి భయపడతాడు. అందుకే ఎరువుల దుకాణం బిల్లులు, పంట అమ్మిన రసీదులు, అప్పు నోట్లు మొదటి వారాల్లోనే పోగేయండి. తర్వాత అవి దొరకవు. కాగితాల రోజు వేరు, ఆమె మాట వినే రోజు వేరు పెట్టుకోండి. కలిపితే ఆమె కాగితాల గురించే మాట్లాడుతుంది.

హోస్ట్: ఎన్నాళ్లు వెళ్లాలి?

అతిథి: ఏడాది. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి. ఆరు నెలలు దాటినా రోజంతా అదే తలపోత, వంటా పనీ సాగకపోతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుల దగ్గరికి తోడు తీసుకెళ్లండి. సంవత్సరీకం అందరికీ గుర్తుంటుంది. తొలకరికి విత్తనాలు ఎవరు వేస్తారన్న రోజు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ వారం మీ డైరీలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.